దత్తపదికి నాలుగు చప్పుళ్ళు

పలుకుకు ముందు నాదమై, నాదానికి ముందు మౌనమై నిలిచే తల్లికి అంజలి ఘటించి, నేను కన్నదీ విన్నదీ వ్రాయబూనుతున్నాను. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తిక శుద్ధ పంచమి, భానువాసరం. నాగుల చవితి మరునాడు. ఆనాటి మధ్యాహ్నం కార్ఖానా అనే పేటలోని మా ఇంటి ముందుగదిలో మా సాహిత్య సమితివారం ఒక ఆహ్వానపత్రాన్ని గురించి తర్జనభర్జన పడ్డాము.

మా సమితి చిన్నది. ఏటా శ్రీపంచమి నాడు ఒక సభ జరుపుకొంటుంది. ఈ ఏడు ప్రదర్శించవలసిన నృత్యరూపకానికి పాఠం, అంటే మాటలూ పద్యాలూ, వ్రాసే పని నాకు అప్పగించారు. మండువేసవిలో మొదలై తొలకరితో ముగిసే రూపకం అది. కథ అనదగినది పెద్దగా ఏమీ లేదు. ఒక ఊరు ఎదురుచూస్తుంది, మబ్బు వస్తుంది. నడుమ ఒక ఘట్టంలో మాటలు లేవు. కురవాలో మానాలో ఆకాశం ఇంకా తేల్చుకోని ఆ గడియను పద్యంలో పట్టబోయి, పలుమార్లు చెడగొట్టి, చివరకు ఆ చోటును సంగీతానికి విడిచిపెట్టాను.

రూపకాన్ని తీర్చిదిద్దుతున్న నాట్యాచార్యురాలు ఆ ఘట్టానికి సంగీతం చేయించుకొని వచ్చారు. చేసిన అమ్మాయిని కూడా వెంటబెట్టుకొని వచ్చారు. ముప్ఫై అయిదేళ్ళ లోపు మనిషి. రెజిమెంటల్ బజార్‌లో తరాలుగా గిన్నెల వ్యాపారం చేస్తున్న కుటుంబం. వ్యాపార ప్రకటనల వెనుక వినిపించే సంగీతం చేయడం ఆమె వృత్తి. ఆ ప్రకటనల్లో సబ్బుకు పేరుంటుంది, సబ్బు పట్టుకొన్న తారకు పేరుంటుంది, సంగీతం చేసినవారికి ఉండదు. పేరుతో సభకెక్కే తొలి సంగీతం ఇదేనని నాట్యాచార్యురాలు మాకు ముందే చెప్పారు.

వాద్యాలు పెట్టి వాయించి చేసినది కాదు అది. ఎక్కడెక్కడి శబ్దాలనో పట్టి, కత్తిరించి, సాగదీసి, ఒకదానిపై ఒకటి పేర్చి కంప్యూటర్‌లో కట్టినది. శాంపిల్ అంటారట ఆ శబ్దపు తునకను. అమ్మాయి దానిని మాకు వినిపించసాగింది.

మా సమితికి సంగీత విషయాల్లో పెద్దదిక్కు ఒక వయొలిన్ విద్వాంసులు. నాకు చిరకాల మిత్రులు. తెనాలి ప్రాంతం నుంచి నాకంటె ముందే వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. కళ్ళు మూసుకొని వింటున్నవారు నడుమలో చెయ్యి ఎత్తారు.

"ఆపండి. ఆ నాదస్వరం ఎవరిది?"

"మా అమ్మానాయన పెండ్లి క్యాసెట్లది సార్" అన్నది అమ్మాయి, దాచేందుకేమీ లేనట్లు. "సన్నాయి ఆయన ఒక్క షడ్జం పట్టి ఆపిన చోటు తీసుకున్న. రెండు సెకన్లు గిట్ల ఉంటది."

"తతిమ్మావి?"

"గిన్నెలు, షట్టర్లు, మా దుకాణం ముంగట తోపుడుబండి చక్రం. అన్నీ నేను రికార్డ్ చేసినయే."

ఆయన నావైపు తిరిగారు. "పంతులుగారూ, వినడానికి బాగానే ఉంది. కాదనను. కానీ ఆహ్వానపత్రంలో 'సంగీత రచన' అని వేస్తామంటున్నారు చూశారూ, అది నాకు మింగుడుపడటం లేదు. ఒకచోట ఎత్తుకొచ్చి మరొకచోట అతికించడం రచన ఎలా అవుతుంది? 'సంగీత సంకలనం' అని వేయించండి. గౌరవంగానూ ఉంటుంది, నిజంగానూ ఉంటుంది."

"అట్ల వేస్తే నా పేరు తీసెయ్యుండ్రి సార్" అన్నది అమ్మాయి. "పేరుతోని ఈ మ్యూజిక్ సుత తీసెయ్యుండ్రి. ఇన్నేండ్లు పేరు లేకుంటనే చేసిన, ఇంకో పదేండ్లు చేస్తా, తక్లీఫ్ ఏం లేదు. గని నేను చేసినదాన్ని ఏరుకొచ్చిన అంటే అబద్ధం అయితది."

"చూశారా! ఇంకొకరి ఊపిరి అరువు తెచ్చుకొని, పైగా రోషం కూడానూ!"

"రోషం నాదే సార్. అది ఏ క్యాసెట్లకెల్లి తీయలె."

కాఫీ గ్లాసులు తెస్తున్న నా భార్య గుమ్మంలోనే నిలబడి నవ్వు ఆపుకోలేకపోయింది. విద్వాంసులు కూడా పెదవి బిగించి నవ్వును అదుపులో పెట్టుకొన్నారు గాని, పట్టు మాత్రం సడలించలేదు; పత్రం నమూనాలో అప్పటికి 'సంకలనం' అనే వ్రాయించారు. పాఠం నాది గనుక మాటను నిర్ణయించవలసినది నేనేనని అందరూ నాపై పెట్టారు. ఒకవైపు దశాబ్దాల సాధన గల మిత్రుడు. మరొకవైపు, ఒక మాట మారితే తన పనినే వెనక్కు తీసుకొని వెళ్ళగల అమ్మాయి. ఆమె పనిచేసే తీరు చూడకుండా తీర్పు చెప్పలేనని అన్నాను.

ఆ వారం నడుమ ఒక ఉదయం రెజిమెంటల్ బజార్‌కు బయలుదేరాను. ఇడ్లీపాత్ర మూతకు సొట్టపడింది, కొత్తది కొనాలన్న మిషతో నా భార్య కూడా వచ్చింది. దుకాణంలో అమ్మాయి తండ్రి గల్లాపెట్టె ముందు కూర్చొని ఉన్నారు. మేము ఎవరమో చెప్పగానే లేచి కుర్చీలు వేయించారు.

"జెర చూసి చెప్పుండ్రి పంతులుగారూ, మా బిడ్డ ఏం చేస్తదో. నాకైతే సమజ్ కాదు. నేను అమ్మిన గిన్నెలకన్న అది మోగిచ్చిన గిన్నెలే ఎక్కువ. గిరాకీ వచ్చి నిలబడ్డా గిన్నె ఇయ్యది, ఇది మంచిగ మోగుతది, అమ్మకు నాయనా అంటది!"

మేడమీద చిన్న గది. బజారు రొద లోపలికి రాకుండా తలుపుకు దళసరి పరుపును అడ్డంగా కట్టింది. బల్లమీద కంప్యూటర్, రెండు స్పీకర్లు, వేలితో నొక్కితే శబ్దం పలికే రబ్బరు గళ్ళ పలక ఒకటి. నా భార్య అప్పుడే కొన్న మూతను ఆమె చేతిలోకి తీసుకొని గోటితో మీటింది. చెవి దగ్గర పెట్టుకొని ఆ మోత పూర్తిగా అణగారేదాకా విన్నది. తరువాత మైకు ముందు ఒక్కసారి మోగించింది.

తెరమీద ఆ శబ్దం ఒక బొమ్మగా కనిపించింది. ఎడమవైపు నిటారుగా లేచిన గీతల గుంపు, కుడివైపు సన్నగిల్లుతూ పోయే తోక.

"ఇది కొట్టుడు సార్" అని గీతల గుంపును చూపింది. "ఇది తీసేస్తా. ఇది ఉంటే మూత అని పట్టేస్తరు. నాకు కావల్సింది ఎనుకటి మోత."

మొదటి భాగాన్ని తొలగించి వినిపించింది. లోహం మాయమైంది. ఎక్కడినుంచి మొదలైందో తెలియని ఒక స్వరం గదిలో నిలిచి ఉంది. దాని వేగం తగ్గించింది. స్వరం కిందికి దిగింది. ఇంకా తగ్గించింది, ఎవరో దూరాన నోరు మూసుకొని రాగం తీస్తున్నట్లు వినిపించింది. నా భార్య నా చెయ్యి పట్టుకొని, "మన మూతేనంటారా?" అని రహస్యంగా అడిగింది.

"ఇది మంచిగనే ఉంది గని పనికి రాదు" అని అమ్మాయి దానిని చెరిపివేసింది. నేను ఉలిక్కిపడ్డాను. అంత మంచి నాదాన్ని ఎందుకు పారేశావని అడిగితే, "అందంగ ఉంది సార్, కానీ ఇది ఆ సీన్ల పట్టది. అందంగ ఉన్నయల్ల పెడితే ఏం చెప్తున్ననో నాకే తెల్వదు" అన్నది. పారవేసినవాటిని దాచిన చోటు చూపింది. ఉంచుకొన్న ఒక్కొక్క శబ్దానికి వెనుక త్రోసివేసినవి ఎన్నో ఉన్నాయి. ఒక పద్యపాదం కోసం ఎన్ని పాదాలను కొట్టివేస్తామో ఎరిగినవాణ్ణి గనుక నాకు ఆ చోటు బాగా పరిచితంగా తోచింది.

అక్కడ కూర్చొని ఉండగానే నాకు అవధాన సభలు గుర్తుకు వచ్చాయి. యౌవనంలో నేను కూడా కొన్ని చిన్న అవధానాలు చేసినవాణ్ణి. తరువాత పృచ్ఛకుడిగా చాలా సభల్లో కూర్చొన్నవాణ్ణి. దత్తపది అని అందులో ఒక అంశం ఉంటుంది. పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇస్తాడు. అవి తెలుగుకు పొసగనివైతే అతనికి మరీ సంతోషం. ఇడ్లీ, దోసె అని ఇచ్చి, వీటితో సీతాకళ్యాణం చెప్పమంటాడు. అవధాని ఆ నాలుగింటినీ పద్యంలో ఇముడ్చాలి. గట్టివాడైతే ఒక మాట చివరనూ మరొక మాట మొదటనూ కలిపి, ఇచ్చిన మాట ఉండీ లేనట్లుగా కరగించివేస్తాడు. సభలో చప్పట్లు మోగేది ఆ కరగింపుకే. మాటలు పృచ్ఛకుడివి, పద్యం అవధానిది. ఆ పద్యాన్ని సంకలనమని పిలిచినవారిని నేను ఏ సభలోనూ చూడలేదు.

కార్తిక పూర్ణిమ నాటి సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత అందరమూ మళ్ళీ మా ఇంట కలుసుకొన్నాము. నా ఆలోచన చెప్పాను. ఈ అమ్మాయికి దత్తపది ఇద్దాం. మాటలకు బదులు నాలుగు చప్పుళ్ళు. రాబోయే ఆదివారం ఆమె ఏమి తెస్తే దానిని బట్టి మాటను తేల్చుదాం.

"భేషుగ్గా ఉంది!" అన్నారు విద్వాంసులు. మంచి పరీక్ష అంటే ఆయనకు మక్కువ. "మొదటి దత్తం నాది." వయొలిన్ బయటకు తీసి, తీగను బిగించే బిరడాను మెల్లగా తిప్పారు. పళ్ళు జివ్వుమనేటట్లు అది కీచుమన్నది. "ఇది తీసుకో అమ్మాయీ. ఇందులో సంగీతం ఉంటే వెతుక్కో!"

"సార్, మస్తు ప్రేమతోని ఇచ్చిండ్రు" అని ఆమె చిన్న యంత్రంలో ఆ కీచును పట్టుకొంది.

నేను నా పెద్ద నిఘంటువును ధబ్బున మూశాను. నా భార్య వంటింటి నుంచి జల్లెడ తెచ్చి గుప్పెడు బొంబాయిరవ్వ జల్లించింది. నాట్యాచార్యురాలు గజ్జెలు లేని వట్టి మడమతో నేలను ఒక్కసారి తట్టారు. అమ్మాయి నాలుగింటినీ మళ్ళీ మళ్ళీ విని తల ఊపింది. "జల్లెడ పట్టిన ఆ బొంబాయిరవ్వ పారెయ్యకు ఆంటీ, ఉప్మా చెయ్యి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆదివారం నాడు అనుకొన్న వేళకే వచ్చింది. మాట్లాడకుండా స్పీకర్లు అమర్చి, కిటికీ రెక్కలు మూసి, వినిపించింది.

మొదట ఒక శ్రుతి. తంబురా మీటుతున్నట్లు, కానీ మీటు వినబడకుండా, మబ్బు పట్టిన పగటివెలుగులా గది నిండా పరచుకొంది. దానిమీద ఒక గాలి. గాలి అంటున్నాను గాని దానికి లయ ఉంది. మిశ్రనడకలో, ఏడు మాత్రల తూగులో, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్లు నడిచింది. ఆ నడక మధ్య సన్నని మొన గల స్వరాలు ఒకటొకటిగా వచ్చాయి. వచ్చిన ప్రతిదీ తరువాతిదాని కోసం చోటు వదిలి తప్పుకొంది. ఇంకేముంది, ఇప్పుడు కురుస్తుంది అనుకొనే వేళకు శ్రుతి తప్ప అంతా ఆగిపోయింది. ఆ ఖాళీలో, తాళం మొదలు పడే సమానికి అర మాత్ర ఆలస్యంగా, ఒకే ఒక్క అడుగు పడింది. నాట్యాచార్యురాలు తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ అర మాత్ర ఆలస్యం నర్తకి కోసం విడిచిన చోటని ఆమెకు ఒంటితోనే తెలిసిపోయింది. ఏ పద్యంలోనూ నాకు చిక్కని ఆ తేల్చుకోని గడియ అదే.

విద్వాంసులు కళ్ళు తెరిచారు. వింటున్నంతసేపూ ఆయన వేళ్ళు తొడమీద తాళం వేస్తూనే ఉన్నాయి. నడుమ ఒకసారి, "తంబురా శ్రుతి బాగా పట్టింది" అని తనలో తాను అనుకోవడం కూడా విన్నాను. ఇప్పుడు మాత్రం ఆయన ముఖంలో అసంతృప్తి.

"సంగీతం బాగుందమ్మాయీ. కానీ నియమం తప్పావు. నా బిరడా ఏదీ? చెల్లెమ్మ జల్లెడ ఏదీ? ఆ చివరి అడుగు తప్ప మనమిచ్చినది ఒక్కటీ ఇందులో లేదు. నీకు తోచింది నువ్వు చేసుకొచ్చావు."

"బాగుందండీ అన్నయ్యగారూ!" అన్నది నా భార్య. "మొన్నేమో అంతా ఎత్తుకొచ్చిందన్నారు. ఇవాళేమో మనదేదీ ఎత్తుకోలేదంటున్నారు. పాపం ఆ పిల్లను ఏదో ఒకదానికి నిలబెట్టండి!"

ఆయన జవాబు చెప్పేలోపల అమ్మాయి కంప్యూటర్‌ను ఆయన ముందుకు జరిపింది. శబ్దాల పొరలను ఒక్కొక్కటిగా మూసివేసి, శ్రుతిని మాత్రమే మిగిల్చింది.

"గీ తంబురా మంచిగుంది అన్నరు గద సార్. ఇది మీదే."

దాని వేగాన్ని అంచెలంచెలుగా పెంచింది. నాదం పైకెక్కింది, బిగిసింది, పలచబడింది, చివరకు పళ్ళు జివ్వుమనిపిస్తూ కీచుమన్నది. మా గదిలో పూర్ణిమ నాడు మేము విన్న కీచు అదే.

ఆయన కుర్చీని స్పీకర్ దగ్గరకు జరుపుకొన్నారు. "నలభై ఏళ్ళుగా ఈ బిరడాను తిట్టుకుంటున్నానమ్మా" అన్నారు. "ఇంకోసారి దింపు. కిందికి దింపు." ఆమె దింపింది. ఆయన తల వంచి విన్నారు.

మొనగల స్వరాలు నా నిఘంటువు మూసిన చప్పుడులోంచి వచ్చాయట. ధబ్బుమన్న ఆ బరువును వడపోసి, అట్ట తాకిన రవంత మొనను మాత్రమే ఉంచుకొంది. ఊపిరివలె నడిచినది జల్లెడ.

"నేను దాన్ని వాన చేస్తావనుకున్నానే" అన్నది నా భార్య.

"అందరు అట్లనే అనుకుంటరు ఆంటీ. నాకు సుత మొదలు అదే వచ్చింది, అందుకే వద్దనుకున్న."

"మరి ఆ అడుగు? దానిని ఎందుకు మార్చలేదు?" అని నాట్యాచార్యురాలు అడిగారు.

"మార్చి చూసిన మేడమ్. ఏం చేసినా ముందటికన్న మంచిగ కాలె. అది ఎక్కడ పడాలె అనేదే చూసుకున్న."

మా అలంకారశాస్త్రంలో కావ్యాల మధ్య ఉండే పోలికలను మూడు తీరులుగా చెబుతారు. అద్దంలోని ప్రతిబింబం వంటి పోలిక ఒకటి. దానికి సొంత ప్రాణం లేదు. చిత్రపటం వంటిది రెండవది. అందులో ఉన్నది అరువు ప్రాణం. ఇద్దరు మనుష్యుల మధ్య ఉండే పోలిక మూడవది. ముక్కూ కన్నూ ఒక్కలాగే ఉన్నా ఎవరి ప్రాణం వారిది గనుక కవి దానిని పరిహరించనక్కరలేదని పెద్దలు ఒప్పుకొన్నారు. ఈ విషయాన్ని తరగతి గదుల్లో ఎన్నో ఏళ్ళు బోధించాను. ఆ మధ్యాహ్నం ఒక కీచు శ్రుతిగా దిగివస్తుంటే, ఆ మూడవ తీరు నా చెవికి వినిపించింది. ఆమె ప్రతిభ శబ్దాన్ని మార్చడంలో ఎంత ఉన్నదో, అందరికీ తోచేదాన్ని విడిచిపెట్టడంలోనూ, మార్చనక్కరలేనిదాన్ని గుర్తించడంలోనూ అంతే ఉంది. దానిని నేను రచన అనే అంటాను. ఆ మాటే పైకి చెప్పాను.

విద్వాంసులు వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకొని ఉంటే ఆయనపై నాకు ఇంత గౌరవం ఉండేది కాదు.

"పంతులుగారూ, బిరడా కీచు ఎవరి సాధనా కాదు. ఎవరైనా వాడుకోవచ్చు. చేసింది రచనే, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. కానీ ఆమె మన రూపకానికి చేసినదానిలో నాదస్వరం ఉంది. రెండు సెకన్లే కావచ్చు. ఆ షడ్జం అలా నిలవడానికి ఆ మనిషి ఎన్నేళ్ళు తెల్లవారుజామున లేచాడో నాకు తెలుసు. అది జల్లెడ చప్పుడు కాదు. అమ్మాయీ, ఆయన ఉన్నాడా?"

"ఉన్నడు సార్. యాప్రాల్‌ల కొడుకు ఇంట్ల ఉంటడు. ఇప్పుడు ఊదుతలేడు, దమ్ము సరిపోదు. మొదలు ఆయన తానకే పోయి అడిగిన. మొత్తం వినిపిచ్చిన. నా సన్నాయి ఎక్కడున్నదే అని పరేషాన్ అయిండు. చూపిస్తే నవ్విండు, పెట్టుకో బిడ్డా అన్నడు."

"అడిగావన్నమాట" అన్నారు విద్వాంసులు, స్వరం తగ్గించి. "మరి మొన్న ఆ మాట చెప్పవేం?"

"మీరు ఎవరిది అని అడిగిండ్రు గని, అడిగినవా అని అడగలె గద సార్."

నా భార్య మళ్ళీ నవ్వింది. ఈసారి ఆయన కూడా దాచుకోకుండా నవ్వారు.

"అయితే ఆయన పేరు కూడా పత్రంలో ఉండాలి. నీ పేరు కింద. అది నా షరతు."

"గది నేనే అడుగుదామనుకున్న. ఆయన పేరు లేకుంటే నేను సుత ఒప్పుకోను" అన్నది అమ్మాయి. ఆహ్వానపత్రం నమూనా బల్లమీదనే ఉంది. విద్వాంసులు నా కలం అడిగి తీసుకొని, తాను మునుపు వ్రాయించిన 'సంకలనం' అనే మాటను స్వయంగా కొట్టివేశారు. దాని పక్కన 'రచన' అని గుండ్రని అక్షరాలతో వ్రాసి, నాదస్వర విద్వాంసుని పూర్తి పేరు ఏమిటో, ఇంటిపేరుతో సహా చెప్పమని ఆమెను అడిగారు.

విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, శుక్రవారం, అనగా 2026 జనవరి 23వ తేదీ సాయంకాలం రూపకం ప్రదర్శితమైనది. ఆహ్వానపత్రంలో సంగీత రచన అనే మాటకు ఎదురుగా ఆమె పేరు, దాని కింది వరుసలో నాదస్వరం అనే మాటకు ఎదురుగా యాప్రాల్ విద్వాంసుని పేరు ముద్రితమైనవి.